యంత్రయుగంలో బడి లక్ష్యం

బోధనులో శక్కర్‌నగర్ అనే పేట ఒకటి ఉన్నది. యంత్రం ఊరికి, ఊరితోపాటు మనుషులకు గూడ పేరు పెట్టగలదనటానికి అది నిదర్శనం. 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరు మంజీర జలాలను పొలాలకు మళ్లించింది. ఆ నీటి ఆధారంతో చెరకు సాగు విస్తరించింది. చెరకు ఆధారంతో 1937లో నిజాం చక్కెర కర్మాగారం నెలకొన్నది. అందులో ఉద్యోగం మనిషికి జీతంతోపాటు హోదాను, చిరునామాను ఇచ్చింది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడగా ఈ మూడూ ఒక్కసారిగా పోయినవి.

రైతు సంగతి కొంత వేరు. అతనికీ నష్టం కలిగింది. అయినా నేల గుణం, నీటి పారుదల ఎరిగినవాడు గనుక చెరకు విడిచి వరివైపు మళ్లగలిగాడు. ఒకే యంత్రం దగ్గర ఒకే పని నేర్చిన కార్మికుడికి ఆ వెసులుబాటు లేకపోయింది. దోషం కార్మికుడిది కాదు. మనిషిని ఒక్క పనికి కుదించిన శిక్షణది.

ఈ అనుభవం నేటి ఉపాధ్యాయులకు పాఠం కావలసి ఉన్నది. ఆనాటి యంత్రం చేతిపనిని గ్రహించింది. 2022 నవంబరులో ప్రజలకు అందిన చాట్‌జీపీటీ, దాని వెంట వచ్చిన కృత్రిమ మేధా సాధనాలు విద్యార్థి వ్రాయవలసిన వ్యాసాన్ని, చేయవలసిన లెక్కను తామే చేసిపెడుతున్నవి. జవాబు వ్రాయటమే చదువైతే, ఇక విద్యార్థి చేయవలసింది ఏమున్నది?

ఈ సాధనం పనితీరు తెలిస్తే భయం, భ్రమ రెండూ తగ్గుతవి. అది అపారమైన వ్రాతలనుండి మాటల పొందికను గ్రహించి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా కట్టి వాక్యం కూర్చుతుంది. అందువల్ల అబద్ధాన్ని సైతం తడబడకుండా చెప్పగలదు.

దానిని బడి గడప దాటనీయరాదనేవారున్నారు. ఇంట్లోని ఫోనును బడి గడప ఆపలేదు. ఇక ఉపాధ్యాయుడే అక్కరలేదనేవారూ ఉన్నారు. వారు జవాబునే జ్ఞానమనుకుంటున్నారు. చేయదగిన పని వేరు. శ్రీరాంసాగరు జలాశయపు అంచున ఉన్న ప్రాంతం నందిపేట. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టును గురించి యంత్రం వ్రాసిన వ్యాసాన్ని అక్కడి తరగతిలో చదివించవచ్చు. అందులోని సంవత్సరాలను పుస్తకంతో సరిచూడమనాలి. నీటిలో మునిగిన ఊళ్ల సంగతులను, ఆ ఊళ్లు విడిచివచ్చిన పెద్దలను అడిగి రమ్మనాలి. తేడా ఎక్కడ వచ్చిందో, దేనిని ఎందుకు నమ్మాడో విద్యార్థి తన నోటితో చెప్పాలి. మార్కులు ఆ వివరణకు పడాలి.

పంట మారినా నిలబడిన రైతువలె, పని మారినా నిలబడగల మనిషిని తీర్చిదిద్దటమే బడి లక్ష్యం.