ఎగ్యూ అను పాతమాట

దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్.బి.నగర్ వరకు విజయవాడ మార్గమున కిరుప్రక్కల శిక్షణాలయములు పెక్కు కలవు. ఇంగ్లీషుపై మక్కువతో అచ్చటికి వచ్చు పిల్లలు పాతకథలలో 'ఎగ్యూ' అను మాట తగిలినపుడు నిఘంటువు తెరతురు. అందు 'మలేరియా' అని కనబడగానే తృప్తిపడి పుట త్రిప్పుదురు. ఆ తృప్తి తొందరపాటు.

ఈ మాట లాటిను నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. దాని మొదటి అర్థము 'తీవ్రము' అని మాత్రమే, తీవ్రజ్వరమని భావము. కాని ఆ జ్వరమున మనిషిని కుదిపివేయు వణకే జనుల మనస్సున నిలిచినది. రానురాను ఒడలు వణకుటకే ఆ పేరు చెల్లినది. భయముచే వణకువానికి కూడ కవులు దానినే వాడిరి.

చార్లెస్ డికెన్సు 1860-61లో ప్రకటించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలలో పిప్ అను అనాథబాలుడు కలడు. చెరనుండి పారిపోయి బురదనేలలో దాగిన ఖైదీకి అతడు రహస్యముగా అన్నము కొనిపోవును. ఖైదీ వణకుచు తినును. నీకు ఎగ్యూ పట్టినట్లున్నది, ఈ చిత్తడిలో పడియుంటివి గదా యని బాలుడు జాలిపడును. పిప్‌నకు వైద్యము రాదు. చిత్తడికిని వణకునకును పొత్తు గలదని ఆ ప్రాంతపు బిడ్డగా ఎరుగును, అంతే. నడుమ నున్న దోమను నాటికి వైద్యులును ఎరుగరు.

దోమగుట్టు బయటపడినది ఈ హైదరాబాదు నగరమందే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు చెంత బేగంపేటలో రోనాల్డు రాస్ దోమకడుపున ఆ రోగక్రిమిని చూచెను. 1902లో నోబెల్ బహుమానము నందెను. వైద్యుల వాడుకలో క్రమముగా 'మలేరియా' యే నిలిచినది. వింత యేమనగా, ఇటలీ భాషలో ఆ మాటకు 'చెడుగాలి' అని అర్థము. గాలి కారణము కాదని తేలినను ఆ పేరు చెల్లుచునే యున్నది. ఏ తప్పును చెప్పని 'ఎగ్యూ' మూలబడినది!

ఆ నవలను తెలిగించువాడు పిప్ నోట 'మలేరియా' అనిపించెనా, కథ చెడును. బాలుడు చూచినది క్రిమిని కాదు, వణకును. 'చలిజ్వరము' అనిన మాట అచ్చట చక్కగా అమరును. అర్థమైన చాలును, ఏ మాటయైన నేమి యని కొంద రందురు. మన పెద్దలట్లు తలపలేదు. అలంకారశాస్త్రము ఎనిమిది సాత్త్వికభావములలో వణకును 'వేపథువు' అను పేర చేర్చినది. తెలుగున పెదవి అదరును, చేయి వణకును, ఒడలు జలదరించును, గుండె దడదడలాడును. నేడు వీని కన్నిటికి 'షివరింగ్' ఒక్కటే దిక్కైనది.

వానకాలమున సరూర్‌నగర్ చెరువు ప్రక్కనుండి అవ్వను వైద్యునికడకు తోడ్కొనివచ్చిన మనుమడు "ఫీవర్, షివరింగ్" అని ఊరకుండును. ఆ రెండుమాటలు ఏ జ్వరమునకైనను సరిపోవును. అవ్వ నడిగిన, "దినం తప్పి దినం చలి పెడ్తది బిడ్డా. గడగడ వణుకుత. ఆ మీద ఒళ్లు కాల్తది. చెమట వోసి ఇడుస్తది" అనును. వైద్యుడు వెంటనే రక్తపరీక్షకు చీటీ వ్రాయును.