తాత గురించి అవ్వను అడిగారా?

గుడియాత్తంలో గానీ, వేలూరులో గానీ, మన తిరుపత్తూరులో గానీ 'కణ్ణీర్ అంజలి' పోస్టరు లేని వీధి ఉండదు. పైన ఫొటో, పక్కన తోట్రం, మరైవు అని రెండు తేదీలు, కింద కొడుకుల పేర్లు, మనవళ్ళ పేర్లు. మంచి భర్త, మంచి తండ్రి, మంచి తాత అని మధ్యలో ఒక మాట. ఫొటో మారిస్తే ఆ పోస్టరు ఎవరికైనా సరిపోతుంది. పోయినాయన ఏం పని చేసేవాడో అందులో ఉండదు. చాలా వాటిలో భార్య పేరు కూడా ఉండదు. ఇది నాకు నచ్చదు.

భర్త, తండ్రి, తాత ఒకే మనిషే కావచ్చు, చూసినవాళ్ళు మాత్రం వేరు వేరు. మనవరాళ్ళకు దొరికేది చివరి ఇరవై ఏళ్ళ మనిషి. కోపం తగ్గిపోయి, చొక్కా జేబులో చాక్లెట్లు పెట్టుకుని తిరిగే మనిషి. మనం ఏడ్చేది ఆయన కోసమే. అంతకు ముందరి యాభై ఏళ్ళు అవ్వకు తెలుసు. ఆమెను ఎవరూ అడగరు. చావింట్లో ఆమె పని ఏడవడం ఒక్కటే అన్నట్టు ఉంటారు.

మా తాత గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. పోయినేడు ఆయన పోయాక నేను అవ్వను అడిగా. "మీ తాత నాడె ఆడిస్తా ఉంటే నేను కండెలు చుడతా ఉంటి. నా కండెలు అయిపోతే ఆయన మగ్గం నిలిచిపోతుంది గదా. అరిచేవాడు కాదు. లేచి వచ్చి తనే రాట్నం తిప్పతా ఉండె, నన్ను పోయి కాఫీ తాగమనేవాడు" అంది. తాతను గురించి ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు. ఏ పోస్టరులో వేస్తారు దీన్ని?

అవ్వ ఇంకోటీ చెప్పింది. మా అత్తను ఎనిమిదో తరగతితో ఆపేసింది తాతే. అత్త మూడు రోజులు అన్నం తినలేదంట. నన్ను కాలేజీలో చేర్చమని మా నాయనతో పోట్లాడింది కూడా ఆ తాతే. ఈ రెండూ కలిపి చెప్తేనే నాకు ఆయన అర్థమయ్యాడు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలి అని పెద్దవాళ్ళు అంటారు. సరే, కానీ అత్త ఆకలిని ఎక్కడ రాయాలి?

మనకు బాగా తెలిసిన ఒక తాతనే తీసుకోండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో, 1888లో. తెలుగు కుటుంబం. వేలూరు ఊరీస్ కాలేజీలో చదివారు. సెప్టెంబర్ 5న ఆయన ఫొటోకు మనమూ దండ వేస్తాం. ఇంట్లో ఆయన శివకామమ్మకు భర్త, ఐదుగురు కూతుళ్ళకు, ఒక కొడుక్కి తండ్రి. ఆ కొడుకు సర్వేపల్లి గోపాల్ పెద్ద చరిత్రకారుడు. తండ్రి పోయింది 1975లో, గోపాల్ ఆయన జీవితచరిత్రను 1989లో ప్రచురించారు. తండ్రి గొప్పతనం చెప్తూనే, ఆయన దాంపత్యంలో ఉన్న లోపాలను కూడా దాచకుండా రాశారు. కన్నకొడుకు ఇట్లా రాయవచ్చా అని అడిగేవాళ్ళు ఉంటారు. రాయవచ్చనే నేను అంటాను. ఆ పుస్తకం వల్ల రాధాకృష్ణన్ చిన్నవాడు కాలేదు. మనం దండ వేస్తూనే ఉన్నాం గదా.

మన ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది, అది భాష. తాత, అవ్వ దెబ్బలాడుకున్నది తెలుగులో, పోస్టరు వేసేది అరవంలో. అరవం మీద నాకేం కోపం లేదు, నేను పన్నెండో తరగతి దాకా చదివింది అదే. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక, బడిలో తెలుగు అక్షరం చూడని పిల్లలు మన వైపు ఎంతోమంది. నేను 'ఱ' రాయడం నేర్చుకున్నది ఈ డిపార్ట్‌మెంట్‌లోనే (ఇంకా తప్పులు పోతాయి, మేడమ్‌కి తెలుసు). కానీ నాడె, కండె, పడుగు, పేక అనే మాటలు అవ్వ నోట్లోనే ఉన్నాయి. మగ్గం అమ్మేసి చాలా ఏళ్ళయింది. మా తమ్ముడికి ఆ మాటలు ఏ భాషలోనూ తెలియవు.

అందుకని ఒక మాట అడుగుతున్నా. మేడమ్ ఒప్పుకుంటే వచ్చే సంచికలో ఈ గోడ మీద కొంచెం చోటు ఉంచుదాం. తాత లేనివాళ్ళు అవ్వను అడిగి ఒక పేజీ రాసుకు రండి. అవ్వ కూడా లేకపోతే అత్తను అడగండి. ఫొటో వద్దు, బంధువుల పేర్లు వద్దు. ఏం పని చేసేవాడు, ఏ కూరకు అలిగేవాడు, ఎవరితో మాటలు మానేశాడు, అవ్వను ఏమని పిలిచేవాడు, ఇవి కావాలి. అవ్వ చెప్పిన మాటలను పుస్తకాల తెలుగులోకి మార్చకండి, చెప్పింది చెప్పినట్టే రాయండి. తెలుగు రాయడం రానివాళ్ళు మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో నా దగ్గరికి రండి. మీరు చెప్తా ఉంటే నేను రాస్తా.