చెరిపేశామనుకుంటే సరిపోదు

పోయిన సంవత్సరం ఒక సాయంత్రం ఆదోనిలో ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని ఇంటికి వెళ్లాను. తినడం అయ్యాక పొట్లం కాగితం మీద చూపు పడింది. అది ఎవరిదో అప్పు దరఖాస్తుకు జిరాక్సు కాపీ. నూనె మరకల కింద ఒక రైతు ఫోటో, తండ్రి పేరు, పొలం సర్వే నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, వేలిముద్ర, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. కాగితాన్ని ముక్కలుగా చింపి పొయ్యిలో వేశాను. తన వివరాలు బజ్జీల అంగడి దాకా వచ్చాయని ఆ రైతుకు ఎప్పటికీ తెలియదు.

విద్యార్థులారా! ఆ రాత్రి నాకు నా బీరువా సొరుగు గుర్తుకొచ్చి నిద్ర పట్టలేదు. అందులో పదకొండు పెన్ డ్రైవులు, నాలుగు మెమరీ కార్డులు, ఒక కట్ట సీడీలు, ఒక పాత హార్డ్ డిస్కు ఉన్నాయి. 2020లో అమ్మఒడి పథకం మొదలైనప్పుడు పిల్లల ఆధార్ నెంబర్లు, తల్లుల ఖాతా నెంబర్లు మా ఉపాధ్యాయులమే సేకరించాం. ఆ జాబితాలను పెన్ డ్రైవులో వేసుకుని నెట్ సెంటరుకు తిరిగాను. పని పూర్తయింది, జాబితాలు మాత్రం సొరుగులో ఉండిపోయాయి. బజ్జీ పొట్లంలో ఒక్క రైతు వివరాలే ఉన్నాయి. గోరంత మెమరీ కార్డులో ఒక ఊరి వివరాలన్నీ పడతాయి. ఇది నా అజాగ్రత్త, ఒప్పుకుంటున్నాను.

సమాచారాన్ని దాచే వస్తువులు మనకు కొత్త కావు. మాచాని సోమప్పగారు 1938లో నేత పనివారి సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరు మీలో చాలామందికి తెలుసు. మగ్గాల ఊళ్లలో పెరిగిన పిల్లలు జకార్డు మగ్గం మీద రంధ్రాల అట్టలను చూసే ఉంటారు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. 1804లో ఫ్రాన్సు దేశస్థుడు జకార్డ్ రూపొందించిన ఈ ఉపాయాన్ని చూసే తరువాతి వారు లెక్కల యంత్రాలకూ రంధ్రాల అట్టలను వాడారు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ అలాంటి అట్టల సాయంతోనే వేశాడు. అట్టలో రంధ్రం ఉండటం, లేకపోవడం ఎలాగో, కంప్యూటరులో ఒకటి, సున్న అలాగే. హార్డ్ డిస్కులో అది అయస్కాంత దిశ, సీడీలో సన్నని గుంట, పెన్ డ్రైవులో చిక్కుకున్న విద్యుదావేశం.

పాత అట్టల కట్ట ఎవరి చేతికి దొరికినా, మగ్గం ఉంటే అదే డిజైను మళ్లీ నేయగలరు. పాత డిస్కు విషయమూ అంతే. చదివే యంత్రం ఉంటే చాలు.

“మేము డిలీట్ చేశాం కదా సార్!” అంటారు మీరు. మీ పాఠ్యపుస్తకంలో విషయసూచిక పేజీ చింపేశారనుకోండి. పాఠాలు పోయాయా? ఏ పాఠం ఏ పేజీలో ఉందో చెప్పే చీటీ మాత్రమే పోయింది. సాధారణంగా డిలీట్ చేసేది ఇంతే. క్విక్ ఫార్మాట్ కూడా ఇంచుమించు అదే పని చేస్తుంది. ఆ చోట కొత్త సమాచారం రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది.

అమెరికాలో గార్ఫింకెల్, షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు వాడి అమ్మేసిన హార్డ్ డిస్కులు 158 కొని పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. చదవగలిగిన 129 డిస్కులలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! మిగతా వాటిలో వేల కొద్దీ క్రెడిట్ కార్డు నెంబర్లు, రోగుల వివరాలు, సొంత ఉత్తరాలు బయటపడ్డాయి.

మరి సరిగ్గా తుడవడం ఎలా? ఒక్కో వస్తువుది ఒక్కో స్వభావం.

హార్డ్ డిస్కు మొత్తం మీద ఒకసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే ఆ పని జరుగుతుంది. ముప్పై అయిదు సార్లు రాయాలనే మాట పాత కాలపు డిస్కులను దృష్టిలో పెట్టుకుని పుట్టింది.

పెన్ డ్రైవు, మెమరీ కార్డు మీద అయస్కాంతం రుద్దేవారిని చూశాను. అందులో అయస్కాంత పూత ఉంటే కదా పోవడానికి! పూర్తి ఫార్మాట్ చేసి, పనికిరాని వీడియోలతో నిండా నింపి, మళ్లీ ఫార్మాట్ చేయాలి. చిప్పు తన ఆయుష్షు కోసం రాతను చోట్లు మార్చి రాస్తుంది, కొన్ని గదులను విడిగా ఉంచుకుంటుంది. అందుచేత ఎక్కడో ఒక ముక్క మిగలవచ్చు. మామూలు సాఫ్ట్‌వేర్‌కు అది అందదు. మరీ రహస్యమైనది ఉంటే ఆ చిప్పును నలగగొట్టే ఏర్పాటున్న వారికే ఇవ్వాలి.

సీడీలో సమాచారపు పొర మెరిసే అడుగున ఉందనుకుంటాం. నిజానికి అది పేరు రాసే పైవైపునే, సన్నని పూత కింద ఉంటుంది. ఆ వైపు గట్టిగా గీకితే పొర లేచిపోతుంది. సీడీని విరవకండి. ముక్కలు కంట్లో పడతాయి.

ఇక ట్యాబులు. 2022 డిసెంబరు 21 నుంచి మన రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు సుమారు 4.6 లక్షల ట్యాబులు ఇచ్చింది. మీ అన్నకో, అక్కకో వచ్చే ఉంటుంది. వాళ్లు పదో తరగతి దాటిపోయారు. ట్యాబును ఫ్యాక్టరీ రీసెట్ చేసినా అందులో పెట్టిన మెమరీ కార్డు మామూలుగా అలాగే ఉంటుంది. దానిని విడిగా తీసి తుడవాలి. ఎవరికైనా ఇచ్చే ముందు ఇది మరచిపోకండి.

కొందరు నాతో వాదిస్తారు. “పల్లెటూరి వాళ్ల సమాచారం ఎవడికి కావాలి సార్?” అని. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తోలిన రైతును అడగండి. డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే రోజుల్లో ఒక ఫోను వస్తుంది. అవతలివాడు పేరు చెప్తాడు, ఊరు చెప్తాడు, ఖాతా నెంబరు కూడా చెప్తాడు. అన్నీ సరిగ్గా చెప్పేవాడిని నమ్మి, ఓటీపీ చెప్పేస్తే ఆరు నెలల కష్టం అరనిమిషంలో పోతుంది. లక్షాధికారికి పోయేది కొంత, ఆ రైతుకు పోయేది అంతా.

మరికొందరు “సుత్తితో కొట్టి, కాల్చేస్తే పోలేదా?” అంటారు. ఇది ఇంకా ప్రమాదం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కుల్లో గాజు పళ్లేలు ఉండవచ్చు. ట్యాబులోని లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంట లేస్తుంది. వైర్ల మీది పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. పాత సర్క్యూట్ బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. రాగి కోసం వైర్లు కాల్చేవారు, ఆ పొగ పీల్చే చిన్నపిల్లలు మనవాళ్లే కదా! 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. పద్ధతిగా సేకరించి తిరిగి వాడుకున్నట్లు లెక్కకు వచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. గుజరీ అంగడికి వేయడమూ తప్పే, భయపడి సొరుగులో దాచడమూ తప్పే. ముందు తుడవాలి. పనిచేస్తే మళ్లీ వాడాలి. పనిచేయకపోతే నమోదైన రీసైక్లింగు సంస్థకు పంపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. ఒక పెన్ డ్రైవు కోసం ఎవరూ దూరం వెళ్లరు. కానీ ప్రతి ఉన్నత పాఠశాలలో తాళం వేసిన పెట్టె, ఒక రిజిస్టరు ఉంటే ఏడాదికొకసారి అన్నీ కలిపి పంపవచ్చు.

భారమంతా పిల్లల మీద వేయడం న్యాయం కాదు. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అవసరం తీరాక సమాచారాన్ని చెరిపేయాలనే సూత్రం ఉంది. మీ వివరాలు అడిగేవారు, నాతో సహా, “ఎప్పుడు చెరిపేస్తారు?” అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న అడగడం మర్యాద తప్పడం కాదు.

ఈ నెల మీ సైన్సు ఉపాధ్యాయుని ఎదుట ఒక ప్రయోగం చేయండి. ఖాళీ పెన్ డ్రైవులో ఒక చెట్టు ఫోటో వేసి డిలీట్ చేయండి. డిలీటైన ఫైళ్లను తిరిగి తెచ్చే ప్రోగ్రాముతో వెతకండి. చాలాసార్లు చెట్టు తిరిగి వస్తుంది. తరువాత పూర్తి ఫార్మాట్ చేసి మళ్లీ వెతకండి. తేడాను మీ కళ్లతో చూడండి.

నా సొరుగు ఇప్పుడు ఖాళీ. తుడిచిన పెన్ డ్రైవుల్లో ఏడు మా ప్రయోగశాలలో పిల్లల చేతుల్లో ఉన్నాయి. మిగతావి పెట్టెలో ఉన్నాయి, రిజిస్టరులో రాసి ఉన్నాయి. మీ ఇంటి సొరుగు ఒకసారి తెరిచి చూడండి.