ఒకే తీర్పుకి రెండు తూకాలా?

అంపైరు తప్పు చేస్తే శిక్ష వెయ్యొద్దని మేం అనడంలేదు. వెయ్యండి. కానీ తప్పుని చూసి వెయ్యండి, అరిచినోడి బలాన్ని చూసి కాదు. క్రికెట్‌ని ఏలే ఐసీసీ పెద్దలు చేసిందేంది?

2006 ఆగస్టు 20, లండన్ ఓవల్ మైదానం. పాకిస్తాన్ జట్టు బంతిని పాడుచేసిందని అంపైర్లు ఇంగ్లండుకి 5 పరుగులిచ్చారు. నిరసనగా పాకిస్తాన్ టీ తర్వాత బరిలోకి రాలేదు. టెస్టు ఇంగ్లండుదేనని తేల్చేశారు. తేల్చింది ఇద్దరు. ఆస్ట్రేలియా తెల్లజాతి అంపైరు డారెల్ హెయిర్, డొమినికా నల్లజాతి అంపైరు బిల్లీ డాక్ట్రోవ్. నవంబరులో హెయిర్‌ని టెస్టు దేశాల మ్యాచుల నుంచి తప్పించారు. డాక్ట్రోవ్ కొనసాగాడు. తీర్పు ఇద్దరిదైతే శిక్ష ఒక్కడికేనా?

5 లక్షల డాలర్లిస్తే తప్పుకుంటానని హెయిర్ రాశాడు గదా అంటారు. రాశాడు. అది తప్పయితే దానికి వేరే విచారణ పెట్టండి. మైదానంలో ఇచ్చిన తీర్పుకి దాన్ని ముడెయ్యడమేంది?

శిక్ష పడింది తెల్లోడికే గదా, మనకెందుకు అనుకుందామా? వద్దు. ఇవాళ తెల్లోడి మీద నడిచిన పద్ధతే రేపు నల్లోడి మీదా నడుస్తుంది.

నడిచింది కూడా! 2008 జనవరి, సిడ్నీ టెస్టు. జమైకా నల్లజాతి అంపైరు స్టీవ్ బక్నర్ తప్పులు చేసిన మాట నిజమే. 30 పరుగుల దగ్గర అవుటైన సైమండ్స్‌ని ఉండనిచ్చాడు. అతను 162 కొట్టాడు. బ్యాటుకి తగలని బంతికి ద్రావిడ్‌ని అవుటిచ్చాడు. భారత బోర్డు గుడ్లురిమింది. రెండ్రోజుల్లో బక్నర్‌ని పెర్త్ టెస్టు నుంచి తీసేశారు. ఎందుకయ్యా అంటే, ఉద్రిక్తత తగ్గడానికట! అంటే శిక్ష తప్పుకి కాదు, కేకకి. ఇదే తప్పు మీద జింబాబ్వే మొరపెట్టుకుంటే రెండ్రోజుల్లో అంపైరుని మార్చేవాళ్లా?

ఇంకో చోద్యం చూడండి. అంపైర్ల తప్పులు దిద్దే రివ్యూ పద్ధతిని 2008లోనే శ్రీలంక, భారత్ సిరీస్‌లో పరీక్షించారు. బక్నర్ తప్పుల మీద అంత మండిపడ్డ మన బోర్డు, ఇతర దేశాలతో ఆడే సిరీసుల్లో ఆ పద్ధతిని 2016 దాకా పూర్తిగా ఒప్పుకోలేదు. తప్పు పోవాలనా, మనిషి పోవాలనా వీళ్ల గోల?

మేం సూటిగా అడుగుతున్నాం. ఏ తప్పుకి ఏ శిక్షో ముందే రాసిపెట్టండి. ఫిర్యాదు చేసిన బోర్డు మనిషి విచారణలో కూర్చోకూడదు. కారణం బాహాటంగా చెప్పండి. బీద బోర్డుకీ, ధనిక బోర్డుకీ, తెల్ల అంపైరుకీ, నల్ల అంపైరుకీ తూకం ఒకటే ఉండాలి. అది చేతగానోళ్లకి అంపైర్లని శిక్షించే హక్కు లేదు!