జిగేలుమంటే చాలునా?

తెరమీద విలన్‌గారు సూట్‌కేసు తెరుస్తారు. నల్ల వెల్వెట్ గుడ్డమీద వజ్రాలు ధగధగలాడతాయి. అందులో ఒకటి తీసి, దీపానికెదురుగా పట్టి, "ఒరిజినల్!" అని తేల్చేస్తారు. హాల్లో ఈలలు! మూడు సెకన్లలో వజ్రం జాతకం చెప్పేసే ఆ చూపు మనకీ ఉంటే ఎంత బావుణ్ణు! లేదు గనకనే ఈవారం ఈ గొడవ.

దీనికి కారణం గాజువాక పాఠకుడొకరు. వచ్చే మాఘంలో పెళ్లి. కాబోయే ఆవిడ వేలికి వజ్రపుటుంగరం తొడగాలని ముచ్చట. చేతిలో డబ్బేమో చాలదు. వాళ్లమ్మగారు తన చెవుల దుద్దులు తీసి, "ఇవి మార్చి కొనుక్కో నాయనా" అన్నారట. అమ్మమ్మగారినాటి బ్లూ జాగర్ రవ్వలవి. వన్ టౌన్‌లో ఒక కొట్టువారు మాత్రం "పాత రాళ్లకి సర్టిఫికెట్ లేదు, బంగారం తూకానికే లెక్క" అన్నారట. ఏం చెయ్యమంటారని ప్రశ్న.

అయ్యా, ముందు ఆ దుద్దుల్ని ఇంటికి తీసుకెళ్లండి! తక్కిన సంగతి తరవాత.

దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటీన్ అని ఒక వజ్రాల గని ఉండేది. 1971లో మూతపడింది. ఆ రాళ్లలో కొన్ని ఎండలో లేతనీలం జీర కొట్టేవి. ఆ పేరే మన ఇళ్లల్లో 'బ్లూ జాగర్' అయి కూచుంది. అలాగని అమ్మమ్మలు బ్లూ జాగర్ అన్నదల్లా ఆ గనిదే అనుకోకండి. పాతకాలపు నగల్లో రాయి అడుగు మూసేసి కట్టేవారు. మూత వెనక రంగూ తెలీదు, మచ్చా తెలీదు. కాబట్టి నమ్మకమైన పనివాడిచేత మీ కళ్లెదుటే రాళ్లు విప్పించి, విడిగా తూయించి, ఇద్దరు ముగ్గురిచేత ధర కట్టించండి. రాయి పెద్దదైతే లాబొరేటరీ పరీక్ష చేయించండి. అప్పుడుగాని ఇస్తున్నదేమిటో, పుచ్చుకుంటున్నదేమిటో తేలదు.

ఇక కొత్త ఉంగరం. చూడవలసినవి నాలుగు: బరువు, సాన, రంగు, స్వచ్ఛత.

క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు. దాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. నిండు క్యారట్ దగ్గర ధర ఒక్కసారి ఎగురుతుంది. 95 సెంట్ల రాయినీ, 100 సెంట్ల రాయినీ పక్కపక్కన పెట్టినా మామూలు కంటికి తేడా తెలియడం కష్టం. మరి ఆ ఐదు సెంట్లకోసం అప్పు చెయ్యడం దేనికి?

మెరుపు వచ్చేది బరువువల్ల కాదు, సానవల్ల. కోహినూరు కథే వినండి. కృష్ణాతీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రాన్ని 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం "ఇంతేనా!" అని పెదవి విరిచారు. మరుసటి ఏడు మళ్లీ సాన పట్టించారు. సుమారు 186 క్యారట్ల రాయి 105.6కి దిగింది. రాణీగారంతటివారే మెరుపుకోసం అంత బరువు వదులుకున్నారు! మీరూ నేనూ ఎంత?

రంగుకి ఇంగ్లీషు అక్షరాలు. 'డి' అంటే నీళ్లలా తెల్లన, 'జెడ్' వైపు పోయేకొద్దీ పసుపు. పచ్చ బంగారంలో పొదిగేటప్పుడు 'ఐ', 'జె' రంగులైనా ఇంపుగానే ఉంటాయి. ఇక మచ్చలూ, చారలూ, కాకిపాదాలూ మన పాత రత్నశాస్త్రాలు కూడా లెక్కపెట్టినవే. ఇప్పుడు పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దంలో చూసి వి.వి.ఎస్., వి.ఎస్., ఎస్.ఐ. అంటూ తరగతులు కడుతున్నారు. కంటికి మచ్చ కనబడని ఎస్.ఐ. రాయి దొరికితే జేబుకి సుఖం. కొట్లో దీపాలకింద గాజుపెంకు కూడా జిగేలుమంటుంది. గుమ్మంలోకొచ్చి, నీడపట్టున పగటివెలుగులో చూడండి.

మరో చిక్కు, లాబొరేటరీలో పెంచిన వజ్రాలు. అవి నకిలీలు కావు, వజ్రాలే. 2023లో మన ప్రధాని అమెరికా అధ్యక్షుడి సతీమణికి కానుకగా ఇచ్చిన 7.5 క్యారట్ల రాయి అలాంటిదే. కాని వాటి ధరలు బాగా పడిపోయాయి, తిరిగి అమ్మబోతే దక్కేదీ తక్కువే. కంటితో తేడా పట్టలేం. కాబట్టి గని వజ్రమా, పెంచినదా అన్నది బిల్లుమీద రాయించుకోండి. మోయిసనైట్ అనేది వజ్రమే కాదు. అయినా వేడినిబట్టి చెప్పే చిన్న పరీక్ష మిషన్ దాన్నీ వజ్రమనే అంటుంది. అందుకే జి.ఐ.ఏ., ఐ.జి.ఐ. వంటి సంస్థల సర్టిఫికెట్ అడగాలి. రాయి అంచుమీద సన్నని అక్షరాల్లో నంబరు చెక్కి ఉంటే, అదీ కాగితంమీదిదీ ఒకటేనా అని భూతద్దంలో పోల్చుకోవాలి.

హాల్‌మార్కు ఉంది కదా అంటారేమో! అది బంగారానికి ఇచ్చిన పూచీ, రాయికి కాదు. బిల్లులో బంగారం గ్రాములూ, రాయి క్యారట్లూ విడివిడిగా ఉండాలి. రాళ్లతో కలిపి తూచి బంగారం రేటు కట్టారంటే గాజుముక్కకైనా పసిడి ధర పోసినట్టే! తిరిగిస్తే ఎంతకి తీసుకుంటారో అదీ రాతలో పుచ్చుకోండి.

కురుపాం మార్కెట్ వీధిలో నాలుగు కొట్లెక్కి ఈ ప్రశ్నలన్నీ అడగండి. విసుక్కోకుండా జవాబు చెప్పినవారి దగ్గరే బేరమాడండి. ముప్పై సెంట్ల రాయైనా సాన బావుంటే వేలు వెలిగిపోతుంది, అమ్మగారి దుద్దులు అమ్మగారి చెవులకే ఉంటాయి. మాఘంలో శుభలేఖ వెయ్యడం మాత్రం మరిచిపోకండేం!