అతిథి విద్యార్థి గీయవలసిన చిత్రము

పదునైదేండ్లు నిండి, పదునెనిమిదిన్నర యేండ్లు దాటని బాలబాలికలు తమ తల్లిదండ్రులను, తమ ఊరిబడిని ఒక యేటికి విడిచి, అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఏ ఒహాయోలోనో, ఏ అయోవాలోనో ఒక అపరిచితకుటుంబమున చేరి, ఆ ఇంటి పిల్లలతోపాటు ఆ ఊరి హైస్కూలులో ఒక విద్యాసంవత్సరము చదివి మరలివచ్చెడు ఏర్పాటు చిరకాలముగ సాగుచున్నది. ఆ ఏర్పాటుక్రింద వచ్చిన విద్యార్థులకు అప్పుడప్పుడు చిత్రలేఖనపు పోటీలు పెట్టుట కూడ కలదు. చిన్న విషయముగ కనుపించు ఈ పోటీని గూర్చి కొంత లోతుగ ఆలోచింపవలసియున్నదని నా విశ్వాసము. ఏలయన, పోటీ పెట్టువారి కోర్కెను బట్టి అది ఒక ఉత్సవాలంకారముగ ముగిసిపోవచ్చును, లేదా ఆ యేడాది వాసము యొక్క సారమంతయు అందులోనికి దిగిరావచ్చును.

ఈ విద్యార్థి వినిమయము యుద్ధముల గర్భమునుండి పుట్టినదని మరువరాదు. మొదటి ప్రపంచసంగ్రామమున ఫ్రాన్సు రణభూములలో క్షతగాత్రులను మోటారు అంబులెన్సులలో చేరవేసిన అమెరికను స్వచ్ఛందసేవకులే, రెండవ సంగ్రామము ముగిసిన వెనుక, ఏ.ఎఫ్.ఎస్. అను తమ సంస్థను 1947 నుండి హైస్కూలు విద్యార్థుల రాకపోకలకు అంకితము చేసిరి. ఒకరి ఇంటి అన్నము తిని పెరిగిన పిల్లలు రేపు వారిపై తుపాకి ఎత్తుటకు సంకోచింతురన్నది వారి ఆశయము. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిదప, అందలి దేశముల పిల్లలకొరకు ‘ఫ్లెక్స్’ పథకము ఏర్పడినది. 2001 సెప్టెంబరు 11 నాటి ఘోరము తరువాత, 2002లో, ముస్లిములు అధికసంఖ్యలో నివసించు దేశముల విద్యార్థులకై ‘యస్’ పథకము వెలసినది. సెనేటర్లు ఎడ్వర్డ్ కెనడీ, రిచర్డ్ లూగర్‌ల పేరిట నడచుచున్న దీనిలో మన దేశపు పిల్లలకును చోటున్నది. ఈ పథకముల క్రింద విద్యార్థికి ఆశ్రయమిచ్చు కుటుంబము అందుకు ప్రతిఫలముగ సొమ్ము గైకొనదు. ఒక పడకయు, మూడుపూటల భోజనమును, ఇంటిలో ఒక స్థానమును నిష్కామముగ ఇచ్చు గృహస్థులపైననే ఈ సౌధమంతయు నిలిచియున్నది.

ఇట్టి నేపథ్యముగల విద్యార్థులకు ‘విశ్వశాంతి’ అనియో, ‘దేశముల మైత్రి’ అనియో విషయమునిచ్చి బొమ్మ గీయుడన్నచో, ఏమి గీయుదురు? భూగోళము చుట్టును చేతులు కలిపిన పిల్లలు, రెండు జెండాల నడుమ ఎగురు తెల్లపావురము, నానావర్ణముల అరచేతులు. వీనిలోని సద్భావమును నేను కాదనను. కాని ఆ చిత్రమును గీయుటకు సముద్రములు దాటి పోనక్కరలేదు; ఇంటిలో కూర్చుండియే గీయవచ్చును. పది మాసములు పరగృహమున నివసించినవానికి మాత్రమే తెలియునట్టిది, మరెవ్వరికిని తెలియనట్టిది, అందులో ఒక్క రేఖయైనను ఉండదు.

మరి అతనికి మాత్రమే తెలియునది ఏది? విహారయాత్రికుడు చూచునది కాదు. అతడు స్వాతంత్ర్యదేవి విగ్రహమును, నయాగరా జలపాతమును చూచి వెడలిపోవును. ఆ ఊరివాడు చూచునదియు కాదు. నిత్యము చూచుటచేతనే అతనికి తన చుట్టును ఉన్నది కంటబడుట మానినది. ఈ ఇరువురి నడుమ నిలిచినవాడు అతిథి విద్యార్థి. జనవరి మాసపు ఉదయమున ఇంటి ద్వారము లోపల రబ్బరు పళ్లెములో వరుసగ ఉంచిన బూట్లను అతడు చూచును. వాని మడమలనుండి మంచు కరగి జారుచుండును. రహదారులపై మంచు పేరుకొనకుండ చల్లిన ఉప్పు, ఆరినపిదప, తోలుమీద తెల్లని అంచుగట్టి యుండును. బందరు ప్రాంతమునుండి వచ్చిన పిల్లవానికి ఉప్పనగా సముద్రము, మడి, ఎండ. ఇచ్చట ఉప్పనగా చలి, చీకటి ఉదయము, స్కూలు బస్సు. ఆ బూట్లను ఆ ఇంటివారెవరును బొమ్మగా గీయదగిన వస్తువని తలంపరు. రిఫ్రిజిరేటరు తలుపునకు అయస్కాంతముతో తగిలించిన కుటుంబపు కాలెండరులో, చెత్తబుట్ట వీథిలో ఉంచవలసిన వంతు ఎవరిదో వ్రాసిన గడిలో, ఆ ఇంటి పిల్లల పేర్ల సరసన తన పేరు కూడ ఉండుటను అతడు ఒకనాడు గమనించును. అతిథిస్థితి ముగిసి కుటుంబస్థితి ఆరంభమైన ఆ క్షణమును పావురములు, జెండాలు చెప్పజాలవు. ఆ గడి చెప్పును.

కావున పోటీ పెట్టువారు విద్యార్థిని ‘నీ దేశమును చూపుము’ అని కోరక, ‘ఇచ్చట నీవు చూచినదానిని, నీవు తెచ్చుకొన్న చేతితో చూపుము’ అని కోరవలెనని నా అభిప్రాయము. స్వదేశమును పరిచయము చేయుటకు వారికి వేరొక సమయము కలదు; 2000 సంవత్సరమునుండి ఏటేట నవంబరులో జరుగుచున్న అంతర్జాతీయ విద్యావారోత్సవమున ఈ విద్యార్థులు తరగతులలో తమ దేశమును గూర్చి ప్రసంగింతురు, వంటకములు వండిపెట్టుదురు. అది ఇచ్చుట. చిత్రపు పోటీ పుచ్చుకొనుటకు గుర్తు కావలెను. ఆ కారణముచేతనే అది నవంబరులో కాక వసంతారంభమున, మార్చి నెల ప్రాంతమున జరుగుట మేలు. ఆగస్టులో వచ్చిన పిల్లవానికి నవంబరునాటికి తెలిసినది బహుస్వల్పము. శీతకాలమంతయు ఒక ఇంట గడపినపిమ్మటనే కన్ను కుదురుకొనును.

‘తెచ్చుకొన్న చేయి’ అన్న మాటకు ఒక మహనీయుని ఉదాహరణము కలదు. 1933లో చీనా దేశమునుండి లండను చేరిన చియాంగ్ యీ, ఇంగ్లండునందలి సరోవరప్రాంతమున సంచరించి, 1937లో తన చిత్రములతోడను, రచనతోడను ఒక యాత్రాగ్రంథమును ప్రకటించెను. డెర్వెంట్‌వాటర్ సరస్సు తీరమున మేయు ఆవులను అతడు చీనా కుంచెతో, చీనా సంప్రదాయమున చిత్రించెను. ఆంగ్లకవులు, చిత్రకారులు వందయేండ్లకు పైబడి వర్ణించి వర్ణించి అలవాటు చేసిన ఆ కొండలు, ఆ నీరు, అతని కుంచెక్రింద పొగమంచు నడుమ తేలుచు, పలుచని సిరాపూతలో నూతనమై అవతరించెను. కళాచరిత్రకారుడు గోంబ్రిచ్ 1960లో వెలువరించిన ‘ఆర్ట్ అండ్ ఇల్యూజన్’ గ్రంథమున ఈ చిత్రమునే ఉదాహరించి, చిత్రకారుని చేతికి అలవడిన రూపసంప్రదాయమే అతని కంటికి దారి చూపునని ప్రతిపాదించెను. రెండు సంస్కృతుల సమాగమము ఒకే కాగితముపై జరుగుట యన నిట్టిది: స్థలము ఒకరిది, రేఖ మరియొకరిది.

మన పిల్లలకు ఇట్టి రేఖల సంపద కొదువ లేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు కరక్కాయ రసము, పాలు పట్టించి ఆరవేసిన బట్టపై, ఇనుపతుక్కును బెల్లపునీటిలో ఊరవేసి తీసిన నల్లరంగుతో, వెదురుకలము చేతబట్టి గీతను తొలుత నిలుపును. రంగులు ఆ గీతకు లోబడి వచ్చును. చేర్యాల నకాశీ చిత్రకారుడు కథను వరుసవరుసలుగ పటముపై నడపించును. అమెరికాకు పోయిన తెలుగు బాలిక కలంకారీ పద్ధతిలో కృష్ణుని మరల గీసి పంపినచో చూచువారు మెచ్చుకొని మరచిపోదురు. ఆ గీతతోనే ఆ పసుపుపచ్చని స్కూలు బస్సును, ఆ మంచుపడిన ఆవరణను, ఆ ఇంటి ముసలమ్మ ఊలు అల్లుటను గీసినచో, చేర్యాల పటమువలె వారి గురువారపు కృతజ్ఞతావిందును వరుసలుగ నడపినచో, అది ఇదివరకు ఎవ్వరును గీయని చిత్రమగును.

అతిథి కన్ను ఆతిథేయులకును మేలు చేయునని మన చరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. 1909 మొదలు 1919 వరకు రాజమహేంద్రవరపు ప్రభుత్వకళాశాలకు ప్రిన్సిపాలుగ నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగ చిత్రకారుడు. గోదావరీతీరమును, పరిసరగ్రామములను ప్రేమించి చూచిన ఆ పరదేశీయుని సాంగత్యమున అడివి బాపిరాజు, దామెర్ల రామారావు వంటి యువకులు తమ నేలను తామే కొత్తగ చూడ నేర్చిరి. రామారావును బొంబాయి జె.జె. కళాపాఠశాలకు పంపినవాడు ఆయనయే. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆ చిత్రకారుని కృతులు నేటికిని రాజమహేంద్రిలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో కలవు. వెలుపలివాడు వచ్చి చూచినందున లోపలివారికి కలిగిన లాభము అంతటిది.

పోటీయే తగదనువారు కొందరు కలరు. ఇంటిపై బెంగపడుచున్న పిల్లలను ఒకరితోనొకరిని పోటీకి దింపుట క్రూరమనియు, చిన్ననాటినుండి గురువుకడ చిత్రలేఖనము నేర్చినవానికిని, నేర్వనివానికిని సమానత లేదనియు వారి ఆక్షేపణ. ఇందులో సత్యమున్నది, కాని పరిహారమును కలదు. నైపుణ్యమునకంటె పరిశీలనకు ఎక్కువ మార్కులు వేయవలెను. ప్రతి చిత్రమునకు దిగువ, తానేమి చూచెనో, ఎచ్చట చూచెనో విద్యార్థిచే నాలుగు వాక్యములు తన మాతృభాషలోను, ఇంగ్లీషులోను వ్రాయింపవలెను. న్యాయనిర్ణేతలలో చిత్రకళోపాధ్యాయునితోపాటు, మునుపు ఇట్లే ఒక యేడు గడపి వచ్చిన పూర్వవిద్యార్థి ఒకడుండవలెను. బొమ్మలో కంటితో చూచినది ఏదో, ఊహించి అతికినది ఏదో అతనికి వెంటనే తెలియును. బహుమతి సొమ్ము స్వల్పమైనను దోషము లేదు.

సొమ్మునకు బదులు ఇయ్యదగిన గౌరవము ఒకటి కలదు. అమెరికా ప్రతినిధిసభ 1982 నుండి హైస్కూలు విద్యార్థులకు చిత్రలేఖనపు పోటీ నడపుచు, గెలిచిన చిత్రములను వాషింగ్టనులోని కాపిటల్ భవనపు నడవలో ఒక యేడు వ్రేలాడదీయుచున్నది. ఆ రీతినే అతిథి విద్యార్థుల చిత్రములను, గెలిచినవి, గెలువనివి అను భేదము లేక, వారు నివసించిన ఊరి పబ్లిక్ లైబ్రరీలో ఒక యేడు ఉంచవలెను. విద్యార్థి జూన్ నెలలో విమానమెక్కి వెడలిపోయినను, అతడు చూచినది ఆ ఊరివారికి దక్కును. అమెరికాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబములు ఇందు పూనుకొనవచ్చును. ఏ దేశపు పిల్లనైనను ఒక యేడు తమ ఇంట నుంచుకొనుట, ఊరి గ్రంథాలయము గోడను ఈ చిత్రముల కొరకు అడుగుట, వారి శక్తికి మించిన కార్యములు కావు. అన్యదేశమున ఆదరణ పొందినవారికి ఆ ఋణము తీర్చుకొను మార్గము ఇంతకంటె సులభమైనది లేదు.

మైత్రి యనునది జెండాలను ప్రక్కప్రక్కన నిలుపుటచే కలుగదు. ఒకరి దైనందినజీవితమును మరియొకరు శ్రద్ధగా చూచుటచే కలుగును. చిత్రలేఖనము ఆ శ్రద్ధకు పెట్టిన పేరే. కనుక ఈ పోటీలను పెట్టువారందరు విషయమును మార్చి, కాలమును మార్చి, పిల్లలను కన్నులు విప్పి చూడుడని అడుగుదురుగాక. అడిగినచో వారు చూపగలరు.