గాయానికి చట్టముంది, సాక్ష్యమేదీ?

మనిషి ప్రాణం తీయడమే కాదు, ఒళ్ళు హూనమయ్యేలా కొట్టడమూ నేరమే. 1860 నాటి భారత శిక్షా స్మృతి ఈ విషయాన్ని విస్పష్టంగా పేర్కొంది. నేరం ఒప్పించడానికి గాయపరచిన వారికి ఏడేళ్ళ వరకు, తీవ్రంగా గాయపరచిన వారికి పదేళ్ళ వరకు జైలుశిక్షను 330, 331 సెక్షన్ల ద్వారా నిర్దేశించింది. ఆ స్మృతి 1862 జనవరి 1న అమలులోకి వచ్చే నాటికి అండమాన్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఖైదీల స్థావరాన్ని నెలకొల్పి నాలుగేళ్ళు కావస్తోంది.

ఆ దీవుల్లో 1906లో పూర్తయిన సెల్యులర్ జైలు చరిత్ర జగద్విదితం. ఖైదీలను కట్టి కొరడాతో కొట్టిన చట్రం, వారిచేత తిప్పించిన నూనె గానుగ నేటికీ అక్కడ సందర్శకులకు కనిపిస్తాయి. 1933 నిరాహార దీక్షలో బలవంతంగా పాలు పట్టించిన ఫలితంగా మహావీర్ సింగ్, మోహిత్ మైత్ర, మోహన్ కిశోర్ నామదాస్ మరణించారు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. వీధిలో జరిగితే నేరమయ్యే పని ఆ గోడల నడుమ జైలు క్రమశిక్షణగా చెలామణి కావడం చరిత్రలోని వైపరీత్యం.

స్వతంత్ర భారతంలో 1955లో పార్లమెంటు కొరడా దెబ్బల చట్టాన్ని రద్దు చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పాత సెక్షన్లను 120వ సెక్షన్‌గా కొనసాగించింది. బాధితుడు 20 రోజులు తీవ్ర బాధపడితేనో, రోజువారీ పనులు చేసుకోలేకపోతేనో తీవ్ర గాయంగా పరిగణించే నిబంధనను 15 రోజులకు తగ్గించింది. ఈ మార్పు హర్షణీయమే. అయితే లోపం శిక్షలో లేదు, రుజువులో ఉంది.

వీధి తగాదాలో దెబ్బ తగిలితే చూసినవారు ఉంటారు. లాకప్పులో తగిలితే చూసేదీ, కేసు రాసేదీ, ఆస్పత్రికి తీసుకువెళ్ళేదీ పోలీసులే. గాయం మానితే సాక్ష్యమూ మాసిపోతుంది. అందుకే 1985లో లా కమిషన్ తన 113వ నివేదికలో సాక్ష్య చట్టానికి 114-బి సెక్షన్‌ను చేర్చాలని సూచించింది. కస్టడీలో గాయమైతే దానిని ఆ పోలీసు అధికారే కలిగించినట్లు న్యాయస్థానం భావించవచ్చునన్నది దాని సారాంశం. నలభై ఏళ్ళు గడచినా, 2023లో సాక్ష్య చట్టాన్నే కొత్తగా రాసినా ఆ సూచనకు చోటు దక్కకపోవడం శోచనీయం.

నిర్బంధంలో ఉన్నవారికి 48 గంటలకొకసారి వైద్య పరీక్ష జరపాలని 1996లో డి.కె. బసు కేసులోనూ, పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు అమర్చాలని 2020లోనూ సుప్రీంకోర్టు ఆదేశించింది. మారుమూల ప్రాంతాలకు ఈ ఆదేశాలే ప్రాణం. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ ఉన్న పోర్ట్ బ్లెయిర్‌కు 500 కిలోమీటర్లకు పైగా సముద్రం దాటాలి. అంత దూరం మొర చేరేలోగా ఒంటిమీది మచ్చ నిలుస్తుందా?

చిత్రహింసల నిరోధక ఐక్యరాజ్య సమితి ఒడంబడికపై 1997లో సంతకం చేసిన మన దేశం దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ దాటలేక మురిగిపోయింది. సెల్యులర్ జైలును జాతీయ స్మారకంగా గౌరవిస్తున్న ప్రభుత్వం లా కమిషన్ సూచనను చట్టంగా మార్చడమే ఆనాటి బాధితులకు అర్పించగల నిజమైన నివాళి.